కనబడని దెబ్బల కళ

మెచ్చుకుంటే మనిషికి మంచే జరుగుతుందని నమ్మేవారు ఇది చదవాలి. నేను ఒక్క మెచ్చుకోలుతో సొంత బామ్మర్ది బతుకుదెరువును దాదాపు ముంచేశాను. తిట్టి ఉన్నా అంత నష్టం జరిగేది కాదు.

మా బామ్మర్ది ప్రభు చాలాకాలం సినిమాల్లో ఫైటర్. అంటే హీరో చేతిలో తన్నులు తిని అద్దాల మీద పడే మనిషి. తల పండినా కెమెరా వదలని ఒక పెద్ద దర్శకుడు, గ్యాంగ్‌స్టర్ల మీద తీసిన సినిమాలో వాడికి తొలిసారి ఫైట్ మాస్టర్‌గా అవకాశమిచ్చాడు. తర్వాతి సినిమాకు మాస్టర్ ఎవరో ఇంకా తేల్చలేదు. అంతలో మా సికింద్రాబాద్ సినీమిత్రులు ఆయనకు సన్మానం తలపెట్టారు. ప్రసంగం నాది. అప్పట్లో నేను నాలుగు విదేశీ సినిమాలు చూసి, ఎవరైనా చాయ్ తాగినా అందులో దృశ్యభాష వెతికేవాణ్ని.

“బావా, జెర మంచిగ మాట్లాడు,” అన్నాడు ప్రభు. “నా పని గురించి రెండు ముక్కలు సార్ చెవిన పడితే చాలు.”

ఆఫీసు పనితో అలిసిపోయి సినిమా హాలుకు వెళ్లలేదు. సినిమా ఓటీటీలోకి వచ్చాక ఒక ఆదివారం, చర్చి ముగిసి, చిలకలగూడలో అత్తయ్య వండిన కోడికూర తిని, ఆమె పక్కనే సోఫాలో కూలబడ్డాను. రిమోట్ ఆమె చేతిలో ఉంది. ఆమె రిటైరైన టీచరు. బెత్తం పోయినా చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా అని పట్టించుకోలేదు.

నా కళ్లు మల్కాజ్‌గిరి లోకల్ రైలులా ఆగుతూ సాగుతూ ఉన్నాయి. తెరిచినప్పుడల్లా వింతే. ఒకడు గోదాములోకి నడుస్తాడు, మరుక్షణం తెల్లగుడ్డ కింద ఉంటాడు. మార్కెట్లో రెండు ముఠాలు ఎదురుపడతాయి, మరుక్షణం అందరికీ ఆసుపత్రిలో కట్లు. దెబ్బ మాత్రం ఒక్కటీ లేదు. నా కునుకులో పోయాయేమోనని అడిగాను.

“అత్తయ్యా, ఫైట్లేమైనా వచ్చాయా?”

“నేను చూసిన దాంట్ల ఏం రాలే బాబు.”

టీచరమ్మ అబద్ధమాడదు. ఆడలేదు కూడా, అది తర్వాత తెలిసింది. అప్పటికి నాకు అర్థమైంది ఒక్కటే: ఎడిటింగ్‌లో పాపం ప్రభు పనంతా కోసేశారు. వాడు సిగ్గుతో చెప్పుకోలేదు. నేనూ అడిగి పుండు కెలకదలచుకోలేదు. నా పాండిత్యంతోనే వాణ్ని గట్టెక్కిస్తాననుకున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి మంచితనానికి ప్రభు ఊరే వదలాల్సి వచ్చేది.

“ఈ సినిమాలో ఒక్క దెబ్బ కూడా కనబడదు,” అని సన్మానసభలో మొదలుపెట్టాను.

వేదిక మీద దర్శకుడు ముందుకు వంగాడు. “ఒక్కటీనా?”

ప్రోత్సహిస్తున్నాడనుకున్నాను. “ఒక్కటీ లేదు సార్. ఫైట్ మాస్టర్ తన పనిని తానే చెరిపేసుకున్నాడు. అంత త్యాగం ఎవరివల్ల అవుతుంది?”

వెనక వరుసల్లో నవ్వులు. ముందు వరుసలో ప్రభు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పెళ్లిలో బిర్యానీ వండిన మనిషి ఎదుటే నిలబడి, మంచినీళ్లు చల్లగా ఉన్నాయని పొగిడినట్టుంది నా పని.

దర్శకుడు వాడి వైపు తిరిగాడు. “నీ ఇంటి మనిషికే నీ ఫైట్లు కనబడలేదు. ఇంక జనానికేం కనబడతాయయ్యా?”

ప్రభు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. వాడి వెనక నుంచి అత్తయ్య లేచింది.

“సార్, మా అల్లుని తప్పు లేదు. రిమోట్ నా దగ్గరుండె. కొట్లాట షురూ అయినప్పుడల్లా నేనే ముందుకు నూకిన.”

“ఎందుకమ్మా?”

“మార్కెట్ల హీరో బదులు పడేది మావోడేనట గద. షూటింగ్‌ల ఒకసారి పడి భుజం ఇరగ్గొట్టుకొని వచ్చిండు. నా ఇంట్ల, నా ముంగట మళ్లొకసారి పడనిస్తనా?”

దర్శకుడు ఆమెకు చేతులు జోడించాడు.

“అందరూ చూశారమ్మా. నిజమని నమ్మింది మీరొక్కరే,” అన్నాడు. తర్వాత ప్రభుతో, “తర్వాతిదీ నువ్వే చెయ్యి. దూకడానికి మాత్రం వేరే కుర్రాళ్లను పెట్టుకో.”

“వాళ్లకు సుత అమ్మలుంటరు సార్,” అంది అత్తయ్య.

“వలలు కడదాం,” అన్నాడాయన.

బయటికొచ్చాక ప్రభు నా భుజం మీద చెయ్యి వేశాడు. “బావా, పని దొరికింది. ఇంకెప్పుడూ నన్ను మెచ్చుకోకు.”

నాకు సినిమా తెలుసుననుకున్నాను. పక్కన ఒక తల్లి గుండె చిక్కబట్టుకుని కూర్చుంటే గురక పెట్టినవాణ్ని నేను.

అందుకే శపథం చేశాను: మొదటి నుంచి చివరిదాకా కళ్లు తెరిచి చూడని సినిమా గురించి ఈ జన్మలో నోరు విప్పను. ప్రాయశ్చిత్తంగా ఆ సినిమాను మా ఇంట్లో, కోడికూర తినకుండా, రిమోట్ నా చేతిలోనే పెట్టుకుని మళ్లీ చూశాను. మార్కెట్ ఫైట్ వచ్చింది. హీరో బట్టల్లో ప్రభు మేడ అంచున నిలబడి కిందికి చూశాడు.

నా బొటనవేలు బటన్ నొక్కేసింది.

కాబట్టి శపథం ప్రకారం, ఆ సినిమా గురించి మాట్లాడే అర్హత నాకు ఇప్పటికీ రాలేదు.