నేను విన్న డెబ్భై నాలుగు ఫైనల్

ఒక మనిషి నిండు సభలో, మైకు ముందు, పిల్లనిచ్చిన మామగారి కళ్లెదుట తన పరువును తానే ఎంత శ్రద్ధగా గొయ్యి తవ్వి పూడ్చుకోగలడో తెలుసుకోవాలని ఉందా? అయితే కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పని నేను చేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ తొయ్యలేదు. ఇచ్చిన అయిదు నిమిషాలు చాలవని మరో పది నిమిషాలు అడిగి పుచ్చుకుని మరీ చేశాను.

అది తొంభై మూడో సంవత్సరం. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. పెళ్లయి ఏడాదిన్నర. అత్తవారిది భీమవరం. మా మామగారు గోపాలరాజుగారికి ఇద్దరు కూతుళ్లు, ఒక టెన్నిస్ రాకెట్టు. ముగ్గురిలో ఎవరంటే ఎక్కువ ప్రేమని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అరవై దాటినా పొద్దున్నే తెల్ల నిక్కరు వేసుకుని టౌను క్లబ్బుకి వెళ్లి రెండు సెట్లు ఆడితే గాని ఆయనకి కాఫీ దిగేది కాదు. మన దేశం డేవిస్ కప్పు ఆడుతోందంటే ఇక చెప్పక్కర్లేదు. చేలో నాట్లు పడుతున్నా సరే, రేడియో పక్కనుంచి కదిలేవారు కాదు.

దీనితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా మా తోడల్లుడు సూర్యంగారితో.

ఆయన రాజమండ్రిలో చరిత్ర లెక్చరరు. పొడుగ్గా ఉంటారు, నెమ్మదిగా మాట్లాడతారు, ఎవరినీ నొప్పించరు. మనిషిని ద్వేషించడానికి ఇంతకన్నా కారణాలు కావాలా? పైగా ఆయనకు డేవిస్ కప్పులో మన జట్టు చరిత్ర మొత్తం నోటికి వచ్చు. ఏ ఏడాది ఎవరిని ఓడించాం, ఎక్కడ ఓడిపోయాం, ఆ రోజు కోర్టు గడ్డిదా మట్టిదా, అన్నీ చెప్పేవారు. మామగారు పసిపిల్లాడు కథ విన్నట్టు నోరు తెరుచుకుని వినేవారు.

నాకు తెలిసిందల్లా క్రికెట్టు. ఆ ఇంట్లో క్రికెట్టు గురించి మాట్లాడితే, పెళ్లి భోజనంలో బ్రెడ్డుముక్క అడిగినట్టు చూసేవారు.

తేడా ఎక్కడెక్కడ కనిపించేదంటారా? సూర్యంగారు వస్తున్నారంటే మామగారు స్కూటరు వేసుకుని స్వయంగా బస్టాండుకి వెళ్లేవారు. నాకు రిక్షా వచ్చేది. పీతల ఇగురు వండితే కండపట్టిన పెద్ద డెక్కలు ఆయన కంచంలోకి నడిచి వెళ్లిపోయేవి. నాకు కాళ్లు మిగిలేవి. వీధి అరుగు మీద పేము కుర్చీ ఆయనది, మడత కుర్చీ నాది. ఆ మడత కుర్చీ కూర్చున్న మనిషితో సహా మడుచుకునే రకం.

"మీరు మరీ చూస్తారండీ! ఎవరూ తేడా చెయ్యట్లేదు," అనేది మా ఆవిడ పద్మ.

"నిన్న డెక్కలు ఎన్ని వడ్డించారు మీ బావగారికి?"

"డెక్కలు లెక్కపెడతారేంటండీ ఎవరైనా? సిగ్గు లేకపోతే సరి!"

నేను లెక్కపెట్టాను. నాలుగు.

సరే, ఆ ఏడాది మనవాళ్లు ఫ్రాన్సు వెళ్లి, వాళ్ల మట్టికోర్టు మీదే వాళ్లని ఓడించి వచ్చారు. సెమీఫైనల్లో ఆస్ట్రేలియాతో ఆడాలి. భీమవరం టౌను క్లబ్బులో ఆనందానికి పట్టపగ్గాల్లేవు. క్లబ్బు సెక్రటరీగా మామగారు ఒక ఆదివారం సాయంత్రం సభ పెట్టారు. ఒకప్పుడు మద్రాసులో పెద్ద పెద్ద పోటీలకు అంపైరుగా చేసిన ఓ పెద్దాయన ముఖ్య అతిథి. ఇక 'డేవిస్ కప్పులో మన జట్టు' అన్న విషయం మీద ప్రధాన ప్రసంగం ఎవరిదో మీకు చెప్పాలా?

ముందురోజు భోజనాల దగ్గర నేను గొంతు సవరించుకున్నాను.

"మావయ్యగారూ, నేను కూడా నాలుగు ముక్కలు మాట్లాడతానండీ."

మామగారి చేతిలో ముద్ద ఆగింది. "దేని గురించండీ అల్లుడుగారూ?"

"టెన్నిస్ గురించేనండీ."

ఆయన అత్తగారి వంక చూశారు. అత్తగారు కూర గిన్నె వంక చూశారు. సూర్యంగారు మాత్రం మహా సంతోషంగా, "మాట్లాడనివ్వండి మావయ్యగారూ. తమ్ముడు ముందు మాట్లాడతాడు, తర్వాత నేను," అన్నారు.

ఆ దయ నాకు ఒళ్లు మండించింది. తనకన్నా ముందు నేను మాట్లాడినా తనకేమీ కాదని ధీమా! చూస్తాను, నా తర్వాత నీకు చెప్పడానికి ఏం మిగులుతుందో చూస్తాను, అనుకున్నాను.

ఒకటే చిక్కు. నాకు ఏమీ తెలియదు.

ఆదివారం పొద్దున్న సూర్యంగారు స్నానానికి వెళ్లారు. ఆయన నోటు పుస్తకం అరుగు మీద పేము కుర్చీలో ఉంది. పాఠకులారా, నేను దొంగను కాను. కుర్చీలో పుస్తకం ఉంది, నేను కుర్చీలో కూర్చుందామనుకున్నాను, కాబట్టి పుస్తకం తియ్యాల్సి వచ్చింది. తీశాక తెరుచుకుంది. అందమైన దస్తూరీలో ఓ పేజీ అడుగున ఇలా ఉంది: 'మూడుసార్లు ఫైనల్, మూడుసార్లూ రన్నరప్. అరవై ఆరు, ఆస్ట్రేలియా. డెబ్భై నాలుగు, దక్షిణాఫ్రికా. ఎనభై ఏడు, స్వీడన్.'

గబగబా అరచేతిలో రాసుకున్నాను. పేజీ తిప్పబోతుంటే స్నానాల గది గడియ తీసిన చప్పుడు. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, ముగ్గు చూస్తున్నట్టు వీధిలోకి చూశాను. ఆ రోజు వాకిట్లో ముగ్గు కూడా లేదు.

సాయంత్రం అయిదున్నరకి క్లబ్బు నిండిపోయింది. కోర్టు పక్కనే షామియానా. ముందు వరసలో మామగారు, ఆయన టెన్నిస్ జోడీలు, ముఖ్య అతిథి. ఆడవాళ్ల వరసలో పద్మ, వాళ్లక్క, అత్తగారు. నన్ను పిలిచారు.

అరవై ఆరుకి నేను ఏడాది పిల్లాణ్ణి. ఎనభై ఏడు అందరికీ గుర్తే, పప్పులో కాలేస్తే పట్టేస్తారు. కాబట్టి డెబ్భై నాలుగు పట్టుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఎవడు కాదంటాడు?

"అయ్యా, డెబ్భై నాలుగులో దక్షిణాఫ్రికాతో జరిగిన ఫైనల్ నేను మా తాతయ్య ఒళ్లో కూర్చుని రేడియోలో విన్నానండీ!" అన్నాను.

సభ నిశ్శబ్దమైపోయింది. ఆహా, అనుకున్నాను. సూర్యంగారు తల ఎత్తి నా వంక చూశారు. కళ్లు పెద్దవయ్యాయి. కుళ్లుకో, అనుకున్నాను.

"మొదటి రోజు రెండు సింగిల్స్‌లో చెరొకటి. రెండో రోజు డబుల్స్ మనది! మా వీధి వీధంతా మా అరుగు మీదే. మూడో రోజు వాళ్లు ఒకటి గెలిచి సమానం చేశారు. ఇక మిగిలింది ఆఖరి మ్యాచ్. అందులోనూ చెరి రెండు సెట్లు. అయిదో సెట్టు. దక్షిణాఫ్రికాలో ఎండ పేలిపోతోంది. మనవాడి రాకెట్టు తీగ తెగింది!"

ముందు వరసలో ఒకాయన దగ్గారు. ఉద్వేగం, అనుకున్నాను.

"అల్లుడుగారూ..." అన్నారు మామగారు సన్నగా.

"ఒక్క పది నిమిషాలు ఇవ్వండి మావయ్యగారూ! ఈ ఘట్టం మధ్యలో ఆపకూడదు. పన్నెండు, పన్నెండు. మనవాడు కొట్టిన బంతి గీత మీద పడింది. సున్నం లేచింది, నేను చెవులారా విన్నాను! అంపైరు అవుటన్నాడు. అంతే. పద్నాలుగు, పన్నెండు. పోయింది కప్పు. మా తాతయ్య ఆ రోజు అన్నం ముట్టలేదండీ."

ఆ తాతయ్య నేను పుట్టక ముందే పోయారు. అయినా ఆయన ఉపవాసం తలుచుకుని నాకు నిజంగానే కన్నీళ్లు వచ్చాయి. ఉత్తరీయం లేదు కాబట్టి చొక్కా చేత్తో తుడుచుకున్నాను. చప్పట్ల కోసం ఆగాను.

ముఖ్య అతిథి మెల్లగా లేచారు.

"బాబూ, మీ తాతగారి రేడియో ఏ కంపెనీదండీ?"

"గుర్తులేదండీ. పాతది."

"చాలా గొప్ప రేడియో అండీ. ఎక్కడున్నా దాచుకోండి. ఆడని మ్యాచ్ కూడా వినిపించిందది."

నాకు అర్థం కాలేదు. "ఆడని మ్యాచ్ ఏంటండీ?"

"ఆ ఏడాది దక్షిణాఫ్రికాతో మనం ఆడలేదు బాబూ. ఆడబోమని చెప్పేశాం. కప్పు వాళ్లకి ఊరికే వెళ్లిపోయింది."

ధాన్యం మిల్లు ఒక్కసారిగా తిరగడం మొదలెట్టినట్టు నవ్వారు జనం. షామియానా గుంజలు ఊగాయి. ఆడవాళ్ల వరసలో పద్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది, నవ్వాపుకోడానికో ఏడుపాపుకోడానికో ఇప్పటికీ చెప్పదు. మామగారు తల దించుకుని తన బూట్ల లేసులు పరీక్షించడం మొదలుపెట్టారు. క్లబ్బులో ఇరవై ఏళ్ల గౌరవం ఆయనది. దాన్ని నేను పదిహేను నిమిషాల మ్యాచ్‌లో ఓడగొట్టాను.

అప్పుడు లేచారు సూర్యంగారు. నెమ్మదిగా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి మైకు అందుకున్నారు. అయిపోయింది, ఇక నన్ను నోటు పుస్తకంతో సహా బయటపెట్టేస్తారు, అనుకున్నాను.

"అయ్యా, మా తమ్ముడు చెప్పిన మ్యాచ్ జరగలేదు. ఇలా చెప్పాలని మేమిద్దరం ముందే అనుకున్నాం," అన్నారాయన.

నేను నోరు తెరిచాను. ఆయన నా భుజం గట్టిగా నొక్కారు. నోరు మూసుకున్నాను.

"ఆడి ఉంటే ఇలాంటి మ్యాచే అయ్యేది. ఆస్ట్రేలియాని, రష్యావాళ్లని ఓడించి ఫైనల్‌కి వచ్చిన జట్టండీ మనది. కప్పు అందేంత దూరంలో ఉంది. కానీ మనిషిని ఒంటి రంగు చూసి విడదీసే దేశంతో మేం ఆడమని మన దేశం చెప్పింది. మనం వదులుకున్నది ఎంత పెద్దదో మీకు తెలియాలంటే ఆ మ్యాచ్ ఒకసారి మీ కళ్ల ముందు జరగాలి. అందుకే తమ్ముడు దాన్ని మీ ముందు ఆడించాడు."

నవ్వులు ఆగిపోయాయి. ముందు వరసలో ఒకాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ లేచారు. ముఖ్య అతిథి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మామగారు బూట్ల మీంచి తల ఎత్తి, ఛాతీ పొంగించి కూర్చున్నారు.

మీరిప్పుడు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆ క్షణంలో నా మనసు కరిగిపోయి, ఆయన కాళ్ల మీద పడ్డానని కదూ? లేదండీ. నాకు ఒకటే ఆలోచన వచ్చింది: చూశావా, నా మ్యాచ్‌కి కూడా చప్పట్లు ఈయనకే పడ్డాయి!

ఇంటికొచ్చే దారిలో ఆయనతో అన్నాను. "అన్నయ్యగారూ, మీ పుస్తకం నేను..."

"తెలుసు తమ్ముడూ. నీ అరచేతిలో సిరా మధ్యాహ్నం భోజనాల దగ్గర నువ్వు ఎడంచేత్తో గ్లాసు ఎత్తినప్పుడు చూశాను. పేజీ తిప్పాల్సింది."

అంతే. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి మనిషి తోడల్లుడుగా దొరికితే మామూలు మనుషులు ఎలా బతకాలో మీరే చెప్పండి.

మర్నాడు పొద్దున్న మామగారు క్లబ్బు నుంచి వచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని, నా పక్కన కూర్చున్నారు. నేను కాకినాడ బస్సు వేళలు గుర్తు చేసుకుంటున్నాను.

"అల్లుడుగారూ, రాత్రంతా నిద్ర లేదండీ."

"క్షమించండి మావయ్యగారూ. బుద్ధి గడ్డి తిని..."

"అది కాదండీ. మీరిద్దరూ ముందే అనుకున్నారన్న మాట నేను నమ్మలేదు. పోనివ్వండి. నా బాధ వేరు." కాఫీ గ్లాసు కింద పెట్టారు. గొంతులో నిజమైన దుఃఖం. "మ్యాచ్ మీదే. రాకెట్టు మీదే. గీత మీద పడ్డ బంతీ మీదే. ఆఖరికి అంపైరు కూడా మీవాడే. అలాంటప్పుడు మనవాళ్లని గెలిపిస్తే మీ సొమ్మేం పోయిందండీ? ఎందుకు ఓడించారండీ?"

ఆయన కింద పెట్టిన గ్లాసు తీసి మళ్లీ ఆయన చేతికిచ్చాను.

అందుచేత, భీమవరం టౌను క్లబ్బు కోర్టు సాక్షిగా, వలకి ఇటూ అటూ నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మైకు ముందు ఆడని మ్యాచ్ గురించి నోరెత్తను. కర్మకాలి ఎత్తాల్సి వచ్చిందా, మూడు సెట్లలో మనవాళ్లని గెలిపించి కూర్చుంటాను.