టాపు లేని కారులో గాలివాన

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఒకటి ఉందని ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి. డిప్లొమా చేతికొచ్చి ఆరు నెలలు. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వెళ్లే రోడ్డులో, అందరూ ‘నిదానం మేస్త్రి’ అని పిలిచే ఒక పెద్దాయన షెడ్డులో పని (బిగించిన నట్టునే మూడుసార్లు బిగించి చూసుకునే మనిషి మరి). రెడ్డిగూడెం దగ్గర ఒక తోటలో, మామిడికాయల పెట్టెల కింద ఏళ్ల తరబడి పడి ఉన్న పాత అమెరికా కారును కొనుక్కొచ్చి, నాలుగేళ్లు దాని మీదే కూర్చుని, కొత్తదానిలా చేశారాయన. పడవంత పొడవు, ఎడమవైపు స్టీరింగు, పైన గుడ్డ టాపు. మీట నొక్కితే ఆ టాపు మడుచుకుని వెనక్కి పోవాలి, మళ్లీ నొక్కితే తిరిగి రావాలి. పోవడం బాగానే పోయేది. రావడం మాత్రం దానికి బుద్ధి పుట్టినప్పుడే.

అది అమ్ముడైతేగాని షెడ్డు నిలబడదని నాకు తెలుసు. అందుకే విజయవాడ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు భార్యను వెంటబెట్టుకుని చూడ్డానికొస్తున్నారనగానే, మేస్త్రి గారికన్నా నాకే కంగారు ఎక్కువైంది. “టాపు సంగతి ముందే చెప్పెయ్యరా. మంచి మోటారు వెతికి వేసిస్తానని కూడా చెప్పు,” అన్నారాయన. అలాగేనండి అన్నాను. చెప్పాలనే అనుకున్నాను కూడా. కానీ ఆవిడ ఆ బండి చుట్టూ ముచ్చటగా తిరుగుతూ, “వానొస్తే ఎలా బాబూ?” అని అడిగేసరికి, నా నోరు నా మాట వినలేదు. “మీట నొక్కితే చాలండి, క్షణంలో కప్పేస్తుంది!”

మేస్త్రి గారు షెడ్డులోనే ఉండిపోయారు. నేను వాళ్లిద్దరినీ ఎక్కించుకుని, టాపు తీసేసి, తోటల మధ్య రోడ్డు పట్టాను. ఎడమవైపు కూర్చున్న నాకు, దాటుదామంటే ముందున్న లారీ తప్ప ఇంకేమీ కనబడదు. కుడివైపు కూర్చున్న ఆవిడే తొంగి చూసి, “ఇప్పుడొద్దు, బస్సొస్తోంది! ఆఁ, ఇప్పుడు పోనియ్!” అని నడిపించింది. అలా నాలుగు మైళ్లు పోయామో లేదో, పడమర నల్లబడి ఈదురుగాలి లేచింది. మీట నొక్కాను. టాపు సగం లేచి, దండం పెడుతున్నట్టు ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. బండి రోడ్డు పక్కన ఆపేశాను. వాన దబదబా కురిసింది. రోడ్డు మీదికి వంగిన కొమ్మల నుంచి రసాల మామిడికాయలు రాలి సీట్లలో పడ్డాయి. ఒకటి లెక్చరర్ గారి బట్టతలను తాకింది (పచ్చిదే పాపం).

తోటలో కోతకొచ్చిన ఆడవాళ్లు మమ్మల్ని చూసి, కాయల మీద కప్పిన నీలం బరకం లాక్కొచ్చి మా తలల మీద నలుగురు నాలుగు మూలలు పట్టుకున్నారు. “ఇంత పెద్ద కారు కొన్నారు, పైకప్పు కొనలేదేంటండీ?” అంది వాళ్లలో పెద్దావిడ. ముద్దగా తడిసిన లెక్చరర్ గారి భార్య పకపకా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. “టాపు మోటారు పాడైందండి. నాకు ముందే తెలుసండి. అమ్ముడవదేమోనని చెప్పలేదు,” అన్నాను. లెక్చరర్ గారు ఒళ్లో పడ్డ కాయ తీసి పక్కన పెట్టి, “వాన తగ్గాక బండి వెనక్కి తిప్పు,” అన్నారు.

షెడ్డుకు వచ్చేసరికి మేస్త్రి గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మా వాలకం చూడగానే ఆయనకు అంతా అర్థమైంది. “తప్పు నాదండి. బండి నాది, చెప్పాల్సింది నేను. మోటారు వేసేదాకా అమ్మను,” అన్నారు చేతులు కట్టుకుని. నా వైపు కూడా చూడలేదు.

లెక్చరర్ గారు తల తుడుచుకుంటూ భార్య వైపు చూశారు. “పెళ్లయ్యాక మీతో ఇంత సరదాగా ఎప్పుడు తిరిగానండీ?” అందావిడ. మోటారు వేశాకే తీసుకెళతామని మాటిచ్చి, అన్నట్టే రెండు నెలలకు వచ్చి బండి తీసుకెళ్లారు.

వాన పడ్డ ఆ సాయంత్రమే మేస్త్రి గారిని అడిగాను, నా తప్పు మీరెందుకు మోశారని. “నువ్వు చెప్పావో లేదో నేను అడగలేదు కదరా. పద, సీట్లు ఆరబెడదాం,” అన్నారంతే. తిట్టి ఉంటే వారంలో మర్చిపోయేవాణ్ణి.

ఇప్పుడు బాపులపాడులో నాకూ ఒక షెడ్డు ఉంది. బండి చూడ్డానికొచ్చిన వాళ్లకి గీతలతో సహా లోపాలన్నీ ముందే చెప్పేస్తాను. “అసలు అమ్మే ఉద్దేశం ఉందా అండీ?” అని వాళ్లు అనుమానంగా చూస్తారు. మా ఆవిడ మాత్రం లోపలి నుంచి, “పెళ్లిచూపుల్లో గురక సంగతి చెప్పలేదేం మరి?” అంటుంది.