రామనాథ్ స్టూడియోలో పలకని డిస్కు

వై.ఎన్.హొసకోట బజారులో బట్టల అంగళ్ల వరస దాటాక, మెట్లెక్కి పోతే రామనాథ్ ఫోటో స్టూడియో వస్తుంది. రామనాథ్ వాళ్లది తాతల నాటి నుంచీ బట్టల వ్యాపారం. అన్నదమ్ములంతా కత్తెర, టేపు పట్టుకుంటే ఈయనొక్కడే కెమెరా పట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు కోప్పడి వదిలేశారు. పెళ్లిళ్లు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, రేషన్ కార్డుకు పాస్‌పోర్టు సైజువి, ఇన్సూరెన్సు కోసం గొర్రె పక్కన యజమానిని నిలబెట్టి తీసినవి. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన కెమెరా చూడని మొహాలు తక్కువ.

సోలార్ పార్కు కోసం నాగలమడిక వైపు పొలాలు కౌలుకు ఇచ్చేస్తున్నారని తెలిసినప్పుడు, రామనాథ్ ఆదివారాలు మోటార్ సైకిలేసుకుని ఆ పల్లెలన్నీ తిరిగాడు. ఎవరూ రమ్మనలేదు. ఎవరి చేన్లో వాళ్లను నిలబెట్టి ఫోటోలు తీశాడు. "ఇంగ ఈ చేను ఇట్ల కనపడదప్పా, ఒకటి తీసి పెట్టుకుంటా, నిలబడు" అనేవాడు. మనుషులు శెనక్కాయ చెట్ల మధ్య బిగుసుకుపోయి నిలబడేవాళ్లు. ఆ తర్వాత కంచెలు వచ్చాయి, సోలార్ పలకలు వచ్చాయి, చేలు లోపలుండిపోయాయి.

ఆ ఫోటోలన్నీ స్టూడియోలో ఉన్న ఒక్క డెస్క్‌టాప్ కంప్యూటర్లోనే ఉండేవి. పాత డిస్కు గరగరమని మోగడం మొదలుపెట్టినప్పుడు ఆయన అన్నింటినీ ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం డిస్కులోకి మార్చాడు. పాతది కొన్నాళ్లకే పాడైపోయింది. ఇంకొక కాపీ తీసి పెట్టాలని ప్రతి పండక్కీ అనుకునేవాడు. పండగలప్పుడే పని ఎక్కువ.

భాద్రపదంలో ఒక పొద్దున హొన్నూరమ్మ మెట్లెక్కి వచ్చింది. నాగలమడిక పక్క పల్లె ఆమెది. ఆమె భర్త ఆంజనప్ప ఒకప్పుడు గొర్రెలు కాసేవాడు. చేను కౌలుకు ఇచ్చాక పార్కులోనే పలకల కింద గడ్డి కోసే పనికి పోయేవాడు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం అక్కడే కూలబడి, ఆస్పత్రికి చేర్చేలోపు పోయాడు.

"పెద్దల అమావాస్య వస్తాండాది నాయనా," అంది ఆమె. "మొదటిసారి ఆయప్ప పటం ముందర కొత్త గుడ్డలు పెట్టల్ల. గోడకు పటం ల్యాకుంటే యాడ పెట్టేది? మా ఇంట్లో ఆధార్ కార్డులో ఉండే మసకది తప్ప ఆయప్ప ఫోటో ఒక్కటీ ల్యా."

"నా దగ్గర ఉండాది కూచోమ్మా," అన్నాడు రామనాథ్. ఆయనకు ఆ ఫోటో వెతకాల్సిన పని కూడా లేదు, గుర్తుంది. తెరిచి చూపించాడు. గొర్రెపిల్లను భుజాన వేసుకుని, చేను గట్టు మీద నిలబడి ఆంజనప్ప నవ్వుతున్నాడు.

హొన్నూరమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని స్క్రీన్‌కు దగ్గరగా వంగింది. "ఆయప్పే. చూడు ఎట్ల నవ్వుతాండాడో. ఇంట్లో నా ముందర ఒగనాడన్నా ఇట్ల నవ్వల్యా."

రామనాథ్ నవ్వి, ప్రింటు కొట్టబోయాడు. మౌసు బాణం కదల్లేదు. కంప్యూటరు డబ్బా మీద డిస్కు దీపం మిణుకుమనడం మానేసి ఒకే తీరున వెలుగుతోంది. ఎంతసేపు చూసినా కదలకపోతే, ఆపి మళ్లీ ఆన్ చేశాడు. కంప్యూటరు లేచింది గానీ అందులో ఫోటోల డిస్కే కనపడలేదు.

"మిషన్ నిలిచిపోయినాదమ్మా. సరిచేసి కబురు చెప్తా."

ఆమె నమ్మకంగానే వెళ్లింది.

ఆ రోజు నుంచి ఆయనకు అదే పని. కాసేపు ఆపి ఉంచితే డిస్కు కనపడేది, కొంచెంసేపు పనిచేసి మళ్లీ మాయమయ్యేది. కేబుల్ మార్చాడు. బోర్డు మీద ఇంకో చోట తగిలించాడు. విండోస్ రాసిపెట్టుకునే లాగ్ తెరిస్తే, డిస్కును పిలిచాం, పలకలేదు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క వరసగా కిందిదాకా ఉంది. విండోస్‌కూ డిస్కుకూ మధ్య మాట మోసే డ్రైవర్‌ను తీసేసి పాతది వేశాడు. అది కుదరక, మదర్‌బోర్డు కంపెనీవాళ్లది వేశాడు. దానితో కంప్యూటరే లేవలేదు. ఎలాగో వెనక్కి తిప్పి, విండోస్ కంటే ముందు లేచే బయోస్‌లోకి పోయి ఒక్కొక్క సెట్టింగూ మార్చి చూశాడు. ప్రతిసారీ డిస్కు ఒకసారి కనపడి ఆశ పెట్టేది.

కనపడినప్పుడల్లా బయటి హార్డ్ డిస్కులోకి కాపీ పెట్టేవాడు. ఈమధ్య పెళ్లిళ్లు కొన్ని వచ్చాయి. బడిపిల్లలవి వచ్చాయి. చేలల్లో తీసిన ఫోటోలున్న ఫోల్డరు దగ్గరికి రాగానే దీపం బిగుసుకుపోయేది. ఒక్కొక్క ఫోటోగా లాగుదామన్నా అంతే. ఆంజనప్పది పేరు కనపడుతుంది, తెరవబోతే తెరుచుకోదు.

పావగడలో కంప్యూటర్ల అంగడి పెట్టుకున్న మిథున్‌కు ఫోన్ చేశాడు. రామనాథ్‌కు ఆ డిస్కు అమ్మింది అతనే.

"అది డ్రైవర్ తప్పు కాదన్నా," అన్నాడు మిథున్. "డిస్కు లోపల దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం ఉంటాది, ఫర్మ్‌వేర్ అని. ఈ మోడల్‌కు ఇట్ల మాయమయ్యే రోగం ఉండాదంట. కంపెనీ సైటులో కొత్తది పెట్టినారు. అది ఎక్కిస్తే సరిపోవచ్చు."

"ఎక్కించేటప్పుడు ఏమన్నా అయితే?"

మిథున్ సైటులో ఉన్నది చదివి చెప్పాడు. "ముందు అంతా కాపీ తీసి పెట్టుకోమని రాసినారన్నా."

"కాపీ తీసేకి కాకనే కదప్పా నీకు ఫోన్ చేసింది."

రామనాథ్ భార్య కాంతామణి ఆ మాటలన్నీ వింది. మొగుడి చేతికి కాఫీ ఇచ్చి నిలబడింది. "ఉన్నదాన్ని ఉన్నట్టు బెంగళూరుకు తీసుకపోండి. మీరు చెయ్యి పెట్టద్దండి."

"బెంగళూరులో ఇచ్చినామంటే ఎన్నాళ్లకిస్తారో. అమావాస్య దగ్గరికొచ్చింది. ఆమె మళ్లీ వచ్చిపోయింది, ఏమన్నా అయిందా నాయనా అని."

"పటం ఆలస్యమైతే ఆమె ఏమీ అనుకోదు."

"అనుకోదు," అన్నాడు రామనాథ్. "అందుకే చేస్తాండేది."

ఆయన తొందరపడి చేశాడని తర్వాత బజారులో అందరూ అన్నారు గానీ, చేసిన తీరులో తొందర లేదు. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేశాడు. కరెంటు పోని వేళ చూసుకున్నాడు. కంపెనీ రాసిన సూచనలు రెండోసారి చదివి, మిథున్‌ను ఫోన్లో పెట్టుకుని మొదలుపెట్టాడు. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కరెంటు పోలేదు. పూర్తయింది, కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేయండి అని వచ్చింది.

"అయిపాయ కదన్నా!" అన్నాడు మిథున్ ఫోన్లో.

మళ్లీ ఆన్ చేస్తే డిస్కు కనపడింది. కానీ దాని పేరు మారిపోయింది. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఏవో అక్షరాలూ అంకెలూ. ఎంత పెద్దది అన్నచోట, ఒక్క పెళ్లి వీడియో కూడా పట్టనంత చిన్న లెక్క. లోపల ఏమీ లేదు. ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ మర్యాదగా అడిగింది.

రామనాథ్ వద్దు అని నొక్కాడు. కుర్చీలో వెనక్కి వాలి, ఫోన్లో మిథున్ "అన్నా, అన్నా" అంటున్నా పలకలేదు. కాంతామణి వచ్చి ఆ ఫోన్ తీసి, "తర్వాత మాట్లాడతారు" అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బెంగళూరు పోయాడు. పోయిన డేటా తీసిచ్చే చోట ఒకాయన డిస్కు విప్పి, ఏవో తీగలు తగిలించి చూసి, కన్నడంలో నిదానంగా చెప్పాడు. ఫోటోలు లోపల చిప్పుల్లోనే ఉన్నాయట. ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక చెరిగిపోయిందట. అది లేకుండా లోపలున్నదంతా కలగాపులగమే, ఎవరూ ఏరలేరట.

"ఫర్మ్‌వేర్ వేయకముందు తెచ్చి ఉంటే?" అని అడిగాడు రామనాథ్.

"అప్పుడు కొన్నైనా వచ్చేవేమో," అన్నాడాయన. తర్వాత, ఈయన మొహం చూసి కాబోలు, "చెప్పలేం" అని చేర్చాడు.

అమావాస్యకు ముందు హొన్నూరమ్మ వచ్చింది. రామనాథ్ దాచకుండా ఫోటో పోయిందని చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు.

"ఆపొద్దు చూపించినావు కదా నాయనా. ఈడ్నే ఉండె కదా."

"ఉండెనమ్మా. ఇప్పుడు ల్యా."

ఆమె కాసేపు ఖాళీ స్క్రీన్ వంకే చూసింది. తర్వాత సంచిలోంచి ఆంజనప్ప ఆధార్ కార్డు తీసింది. దాన్ని స్కాన్ చేసి పెద్దది చేయడానికి రామనాథ్ మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నలుపు తగ్గించాడు, కళ్లు గీశాడు, మీసం సరిచేశాడు. ఎంత చేసినా అది గోడకు ఆనించి తీసిన మసక మొహమే. ప్రింటు తీసి చేతికిచ్చాడు.

హొన్నూరమ్మ దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా చూసింది.

"ఈయప్ప మా ఆయప్ప కాదు నాయనా," అంది. కోపంగా అనలేదు. ఆయనకు తెలియని సంగతి చెబుతున్నట్టు అంది. ప్రింటును బల్ల మీద బోర్లించి పెట్టి, కార్డు సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ ఏడు వాళ్లింట్లో గుడ్డలు పటం లేని గోడకు ఎదురుగా ఊరికే పెట్టారని తర్వాత ఎవరో చెప్పారు.

రామనాథ్ స్టూడియో మూయలేదు. ఇప్పుడు ఫోటో తీయగానే అక్కడికక్కడే వాళ్ల ఫోన్‌కు పంపించేస్తాడు. "మీ దగ్గరే పెట్టుకోండి, నా దగ్గర ఉంటాదనుకోవద్దు" అంటాడు. ఒకసారి కెమెరా తీసుకుని ఆంజనప్ప చేను వైపు పోయాడు. కంచె దగ్గర కాపలా మనిషి లోపలికి వదల్లేదు. వదిలినా అక్కడ తీయడానికి ఏముందని తానే అనుకుని తిరిగొచ్చాడు.

పల్లెల్లో పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. పోయినప్పుడల్లా కొడుకో కోడలో మెట్లెక్కి వస్తారు. చేన్లో నిలబెట్టి తీసినావంట కదా, మా నాయనది ఒకటి ఇయ్యి అంటారు. లేదని చెబుతాడు. కొందరు సరేనని పోతారు. కొందరు నమ్మరు, సరిగా వెతికి ఉండడనుకుని, మరుసటి వారం మళ్లీ వస్తారు.