గోధుమరంగు రక్తం

మా బావ గుంటలో చేపలు ఎండకు చచ్చాయని ఊరంతా అనుకుంటోంది. బావ కూడా అదే నమ్ముతున్నాడు. అవి నా మాట వల్ల చచ్చాయి. ఈ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. లేకపోతే వచ్చే వేసవిలో ఆయన మళ్లీ అదే పని చేస్తాడు.

నేను కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. బడి చదువు ఎనిమిదితో ఆగింది. తక్కినదంతా గ్రంథాలయం బెంచీ మీద సంపాదించుకున్నదే. విరుదునగర్ దాటి నరికుడి దగ్గర అక్కా బావలకు నల్లరేగడి చేను ఉంది. వానలు లేక పత్తి ఎండిపోయాక బావ చేలో గుంట తవ్వి, బోరు నీళ్లు నింపి చేపపిల్లలు వదిలాడు. ఆ ఏడు వాళ్లకు అదొక్కటే పంట.

ఎండలు ముదిరాక చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని బావ కబురు చేశాడు. ఆ వారమే నేను స్టర్జన్ అనే చలిదేశపు చేప గురించి చదివాను. నీళ్లు వేడెక్కితే దాని రక్తంలో చక్కెర పెరుగుతుందట, ఎర్రకణాల లెక్క మారుతుందట. వెళ్లి అదంతా వాళ్లకు విప్పి చెప్పాను.

అక్క నవ్వింది. "మీనుకు జరం సూసే డాక్టరొచ్చినాడు. సూదేస్తావా, పట్టుకోనా?"

"నువ్వు సుమ్మా ఉండు," అన్నాడు బావ. "వాడు సదివినోడు. సెప్పరా బామర్దీ, ఏం సేయాల?"

"నీళ్లు సల్లపడాల బావా. నీడెయ్యి."

మా వైపు దేనికి నీడ కావాలన్నా పచ్చి తాటాకే. కర్రలు పాతి పందిరి వేసే ఓపిక లేక ఆకును నీళ్ల మీదే పరిచాం. జానెడు ఖాళీ కూడా వదల్లేదు. చెయ్యి ముంచితే నీళ్లు నిజంగానే చల్లగా తగిలాయి. పొంగిపోతూ బస్సెక్కాను.

పదిహేను రోజులకు మళ్లీ పిలిచారు. గట్టు ఎక్కకముందే కుళ్లు వాసన కొట్టింది. నాలుగు ఆకులు లాగేసరికి కింద అన్నీ తెల్లటి పొట్టలే. బావ ఒకదాని మొప్ప కోశాడు. రక్తం ఎర్రగా లేదు, కరుపట్టి తాటిబెల్లం వేసిన కాఫీ రంగులో ఉంది.

"ఎండ రత్తాన్ని కూడా కాసేసినాది సూడు. నువ్వు సెప్పింది నిజమేరా. వచ్చే ఏడు ఆకు రెండు వరసలేద్దాం."

చేపలన్నిటినీ గోతిలో పూడ్చాం. ఆ రోజు అక్క పొయ్యి వెలిగించలేదు.

ఆదివారం అదే పుస్తకంలో తరువాతి అధ్యాయం తీశాను. రక్తం గోధుమరంగుకు తిరగడం ఎండ గుర్తు కాదు. నీళ్లలో ఆకూ చెత్తా కుళ్లితే పుట్టే విషం రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని తీసేస్తుంది. వేడి గురించి చదవగానే పుస్తకం మూసేసినవాణ్ని నేనే. తెలిశాక కూడా బావకు చెప్పలేదు.

ఇక్కడిదాకా రాసి రెండు రోజులు ఆగాను. ఇంట్లో తెలుగే మాట్లాడినా మా వాళ్లు బడిలో నేర్చింది అరవం, ఈ తెలుగు అక్షరాలు ఎవరికీ రావు. ఇందులో రాస్తే చెప్పినట్టు కాదు, దాచినట్టే. నిన్న వెళ్లి బావకు నోటితో చెప్పాను.

"అపుడే సెప్పిండచ్చు గదరా," అన్నాడు. చేతిలో ఉన్న తాటి మట్టను గట్టు అవతలికి విసిరి ఇంట్లోకి వెళ్లాడు.

పుస్తకం వెతికి ఇచ్చిన గ్రంథాలయం అమ్మకు, గొయ్యి తవ్విన పక్క చేని అన్నదమ్ములకు, నిన్న కూడా అన్నం పెట్టి పంపిన అక్కకు నా కృతజ్ఞతలు. బావకు కృతజ్ఞతలు చెప్పడానికి నాకింకా ముఖం లేదు.