ఎనిమిది మూతల నూనె

నా చిన్నప్పుడు లెక్కల్లో దిట్టనని మా ఊళ్ళో నాకు కొంచెం పేరుండేది. ఆ పేరు చాలావరకు నేనే ప్రచారం చేసుకున్నది. ఇరవయ్యో ఎక్కం దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని గనక, ఇంట్లో పాలు కొలవాలన్నా, దీపాలకి కిరసనాయిలు పంచాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. ఎక్కాలు వచ్చినవాళ్ళకి లెక్క తప్పదని వాళ్ళూ నమ్మేవాళ్ళు, నేనూ నమ్మేదాన్ని. ఆ నమ్మకం నా పదో ఏట ఒక తుఫాను వెలిసిన రెండో రోజు పోయింది.

మాది రేపల్లె అవతల, సముద్రానికి దగ్గరగా, మురుగు కాలవ ఒడ్డునున్న పల్లె. మా పెదనాన్న మాత్రం తెనాలిలో ఉండేవాడు. అక్కడొక కలప అడితిలో చెట్లు కోసే పని ఆయనది. ఇద్దరు చెరోవైపూ పట్టుకుని లాగే రంపాలు పోయి ఇంజను రంపం వచ్చిన కొత్తలవి. ఆ చుట్టుపక్కల దాన్ని నడపగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళేమో. ఆ మిషను మోతకి పెదనాన్న కుడిచెవి దాదాపు పోయింది. ఆ వైపు నుంచి ఏం చెప్పినా తల ఊపేసేవాడు. మా పెద్దమ్మ పుట్టింటికి వెళ్ళొస్తానని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన కుడివైపునే కూర్చునేది.

వేసవి సెలవులకి తెనాలి వెళ్ళినప్పుడు ఆ మిషనుకి పెట్రోలు కలపడం ఆయనే నాకు నేర్పాడు. దాని ఇంజనులో నూనెకి వేరే చోటుండదు. పెట్రోల్లోనే కలిసి లోపలికి వెళ్ళి, అరిగే భాగాలన్నిటినీ తడిపి, కాలి బయటికి పోవాలి. లీటరుకి నాలుగు మూతల నూనె. మూతంటే దగ్గుమందు సీసా మూత, సరిగ్గా పది మిల్లీలీటర్లు. తన మోపెడ్‌కి రెండు మూతలే చాలుతుంటే దీనికి నాలుగెందుకని అడితి యజమాని ఎప్పుడూ సణిగేవాడు.

"మీ మోపెడ్ గాలికి పరిగెత్తే బండి సార్. ఇది కదలకుండా మాను మీద నిలబడి అరగంట గొంతు చించుకోవాలి," అనేవాడు పెదనాన్న.

మంచి రకం నూనె సీలు డబ్బాలో దొరికి, కోసేవి చిన్న కొమ్మలే అయితే తగ్గించవచ్చట. ఏ కంపెనీదో తెలియని విడి నూనె అయితే, కోసేది పెద్ద మాను అయితే నాలుగుకి తగ్గకూడదట. నాకు గుర్తుండటానికి ఇంకో ముక్క కూడా చెప్పాడు. "ఎక్కువైతే పొగ, తక్కువైతే సెగ. పొగొస్తే తుడుచుకుంటాం. సెగ పుడితే లోపల పిస్టను పట్టేసి మిషను చచ్చిపోయిద్ది."

ఆ ఏడాది కోతలకి పది రోజుల ముందు తుఫాను వచ్చింది. ఇళ్ళ మీద తాటాకు పోయినా మనుషులం మిగిలాం. వరి మాత్రం నేలకి పడి నీళ్ళలో మునిగింది. ఆ నీళ్ళు పోయే దారి ఒక్కటే, మా మురుగు కాలవ. సరిగ్గా దాని మీది తూము దగ్గర, గట్టునున్న పెద్ద నిద్రగన్నేరు చెట్టు వేళ్ళతో సహా లేచి కాలవకి అడ్డంగా పడింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క దానికి తట్టుకుని గోడ కట్టినట్టు పేరుకుంది. గోడకి అవతల కాలవ మోకాలి లోతు, ఇవతల మా చేలు నడుము లోతు.

మా పక్కింటి అక్క ఎకరంన్నర కౌలుకి చేసేది. వాళ్ళాయన పడవ పనికని చీరాల వైపు వెళ్ళి తుఫానుకి అక్కడే చిక్కుకుపోయాడు. కాలవకి ఆనుకుని, అందరికంటే పల్లంలో ఉన్న చేను ఆమెదే. వరి వెన్ను రెండు రోజులుగా నీళ్ళలో ఉంది. ఇంకో రోజుంటే గింజ మొలకెత్తుతుంది. మొలకెత్తితే ఆ ఏడాది పంట పోయినట్టే.

పైగా మా కాలవలో నీళ్ళు మన ఇష్టప్రకారం దిగవు. సముద్రం పోటు మీదుంటే వెనక్కి తంతాయి, పాటు మీదుంటేనే ముందుకి పోతాయి. ఆ రోజు పాటు పొద్దున పదింటికి మొదలై సాయంత్రం నాలుగుతో ఆఖరు. సముద్రానికి పోటూ పాటూ రెండూ ఉన్నాయి. నాకు మిగిలింది పొరపాటు ఒక్కటే.

కబురందుకుని పెదనాన్న రేపల్లె దాకా ఏదో ట్రాక్టరు మీద, అక్కడి నుంచి కాలవ గట్టున నడిచి, మిషను భుజాన వేసుకుని తొమ్మిదింటికల్లా వచ్చాడు. సంచిలో ఒకేలాంటి రెండు రేకు డబ్బాలు, ఒక్కోదాంట్లో లీటరు పెట్రోలు. రేపల్లె బంకులో అంతకు మించి ఇవ్వలేదట. ఇంకో దగ్గుమందు సీసాలో విడి నూనె, సరిగ్గా ఎనిమిది మూతలకి సరిపడా.

"రెండా, నాలుగా పెదనాన్నా?" అన్నాను, నాకు తెలుసని నలుగురికీ తెలియాలని.

ఆయన అడ్డంగా పడిన మానుని చూశాడు, నూనెని వేళ్ళ మధ్య రాసి చూశాడు. "నాలుగే. ఈ నూనె మొహం చూస్తే నమ్మబుద్ధి కావట్లా," అని ఆకురాయి తీసుకుని రంపం పళ్ళు పదును పెట్టుకోవడానికి కూర్చున్నాడు.

నేను గట్టు మీద డబ్బాలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఒక డబ్బాలో నాలుగు మూతలు పోసి బిరడా బిగించాను. అంతలో పక్కింటి అక్క వచ్చి నా ముందు కూలబడింది. బురద నీళ్ళలోంచి పీక్కొచ్చిన వరి వెన్ను ఒకటి ఆమె చేతిలో ఉంది. "చూడు చెల్లీ, గింజ ఉబ్బింది. ఇంకా మొలక రాలేదు గదా? నీ కళ్ళకి ఏమన్నా కనపడుతుందా?" అని నా చేతిలో పెట్టింది. నేను చూశాను. రాలేదక్కా అన్నాను. ఆమె దాన్ని మళ్ళీ కొంగులో చుట్టుకుని తూము వైపు వెళ్ళిపోయింది. నేను ఆమె వెళ్ళినవైపే చూస్తూ బిరడా తీసి, మిగిలిన నాలుగు మూతలూ పోసేశాను.

పోసిన తర్వాత చూసుకుంటే, ఏ డబ్బాలో పోశానో తెలియలేదు.

ఊపి చూశాను. రెండూ ఒకేలా చప్పుడు చేశాయి. వాసన చూశాను. రెండూ పెట్రోలు కంపే. లోపల చీకటి. సీసా మాత్రం ఖాళీ. అంటే ఎనిమిది మూతలూ పోశాను, అందులో సందేహం లేదు. నాలుగూ నాలుగూ పడ్డాయా, లేక ఒకదాంట్లో ఎనిమిదీ ఇంకోదాంట్లో సున్నా పడిందా, అదే తెలియదు. గట్టు మీద పాతికమంది రైతులు నిలబడి ఉన్నారు. "అయిందా అమ్మడూ?" అన్నాడు పెదనాన్న. ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చిన నోటికి ఆ క్షణాన 'తెలియదు' అన్న నాలుగక్షరాలు రాలేదు. "అయింది," అన్నాను.

కళ్ళకి కొంచెం మంచిగా కనిపించిన డబ్బా అందించాను. పెదనాన్న అందులో సగం టాంకులో పోసి తాడు లాగాడు. ఇంజను అందుకోగానే తెల్లటి పొగ గట్టంతా కమ్మేసింది. "ఏంటన్నా, చెట్టు కొయ్యటానికి వచ్చావా, దోమల్ని తోలటానికి వచ్చావా?" అని ఎవరో అన్నారు. అందరూ దగ్గుతూ నవ్వారు. నేను దగ్గాను, నవ్వలేదు. పొగంటే నూనె ఎక్కువైందని. ఇందులో ఎక్కువైందంటే, రెండో డబ్బాలో చుక్క లేదు.

అరగంటలో అయిపోవాల్సిన ఆ టాంకు మధ్యాహ్నం దాకా సాగింది. మిషను నాలుగుసార్లు మొరాయించింది. పెదనాన్న ప్లగ్గు విప్పి, కాటుక పట్టినట్టున్న మసిని ఆకురాయితో గీకి, మళ్ళీ బిగించాడు. పాపం ఆయన నూనెని తిట్టుకున్నాడు. నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆయనకి రాలేదు. అందువల్ల నాకు ఇంకా భయమేసింది. కొమ్మలు పోయి, మానులో రెండు కోతలు పడేసరికి టాంకు అయిపోయింది. పాటు సగానికొచ్చింది.

"ఆ డబ్బాలో సరుకు బాగాలేదన్నా, రెండోది పొయ్యి," అన్నాడు నడుము లోతు నీళ్ళలో నిలబడిన మా వీధి బాబాయి ఒకాయన. పెదనాన్నకీ అదే సబబనిపించినట్టుంది. మాను మీద కూర్చుని రెండో డబ్బా బిరడా తిప్పుతున్నాడు.

నేను మాను మీదికి పాకి, "అది పొయ్యొద్దు పెదనాన్నా," అన్నాను. ఆయన తల ఊపి బిరడా తీశాడు. నేను వెళ్ళింది కుడివైపు. పొరపాటున వెళ్ళానో, వినపడకూడదనే వెళ్ళానో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. డబ్బా మూతి టాంకు దగ్గరకి వచ్చేసింది. అప్పుడిక ఆయన చొక్కా పట్టుకుని, ఊరంతా వినేలా అరిచాను: "అందులో నూనె లేదు! నేను ఎందులో పోశానో నాకు తెలియదు!"

పక్కింటి అక్క తూము మీద నుంచి నన్నే చూస్తోంది.

పెదనాన్న డబ్బా దించాడు. ఎందుకు చేశావని అడగలేదు. ఆకురాయికి చుట్టిన పాత పేపరు ముక్క పరిచి, ఒక్కో డబ్బాలోంచి ఒక్కో చుక్క దాని మీద వేశాడు. గాలికి రెండూ ఆరాయి. రెండో డబ్బా చుక్క పడిన చోటు కూడా కనపడకుండా మాయమైంది. మొదటి దాని చోట బజ్జీల పొట్లం మీద ఉన్నట్టు వెడల్పాటి జిడ్డు మరక మిగిలింది. ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"ఎనిమిది ఇందులోనే పడ్డాయి. అందులో సగం తగలేశాం. ఇప్పుడేం చెయ్యాలి, లెక్క చెప్పు," అన్నాడు.

ఆ లెక్క మాత్రం వచ్చింది. మొదటి దాంట్లో మిగిలింది అరలీటరు, అందులో నాలుగు మూతలు. దానికి అరలీటరు ఉత్త పెట్రోలు కలిపితే లీటరుకి నాలుగు.

"కలుపు," అన్నాడు.

"మళ్ళీ ఆ పిల్ల చేతికేనా అన్నా?" అన్నాడు బాబాయి.

"లెక్క ఎక్కడ తప్పిందో దానికే తెలుసు. నీకూ నాకూ తెలవదు గదా," అన్నాడు పెదనాన్న.

కలిపాను. ఈసారి పైకే చెబుతూ కలిపాను. అరలీటరు ఉత్త పెట్రోలు మిగిలిపోయింది. అది కూడా పోసేస్తే ఇంకో అరగంట నడిచిద్దిగదా అని ఒకరిద్దరు తొందరపెట్టారు. పెదనాన్న ఒప్పుకోలేదు. నూనె పల్చబడితే ఇంత మాను మీద సెగ పుడుతుంది, మిషను పట్టేస్తే ఉన్న గంటా పోతుంది, రేపు పక్క ఊళ్ళో కాలవ ఎవరు తెరుస్తారన్నాడు. ఊళ్ళో డీజిలింజన్ల నూనె ఉంది, అది దీనికి పడదన్నాడు. రేపల్లె పోయి నూనె తెచ్చేసరికి పాటు ఉండదు.

తాడు లాగాడు. పొగ లేదు. ఇంజను ఈసారి ఒకే గొంతుతో పాడింది. మాను ముక్కలు ఒక్కొక్కటే తెగుతుంటే కిందున్నవాళ్ళు మోకులేసి లాగేశారు. చివరి కోతకి మూడొంతులు వెళ్ళాక ఇంజను దగ్గి ఆగిపోయింది. టాంకు ఖాళీ. చివరి ముక్క కాలవకి అవతలి ఒడ్డు వైపు అలాగే అడ్డంగా ఉండిపోయింది. అయినా ఇవతలి సగం తెరుచుకుంది. గుర్రపుడెక్క గోడ కదిలి, ముక్కలై, నీళ్ళతో పాటు తూములోకి దూరింది. చేలల్లో నీళ్ళు దిగడం కంటికి కనపడింది. నాలుగింటికి మళ్ళీ పోటు తగిలి ఆగిపోయాయి.

పక్కింటి అక్క చేలో మెరకనున్న ఎకరం బయటపడింది. పల్లంలోని అరెకరం ఆ రాత్రంతా నీళ్ళలోనే ఉండి మొలకెత్తింది.

సాయంత్రం మిషను తుడుస్తూ పెదనాన్న నాతో ఒక్కటే అన్నాడు. "పొద్దున్నే చెప్పుంటే రెండు డబ్బాలూ ఒకదాంట్లో గుమ్మరిస్తే సరిపోయేదమ్మడూ. లెక్క చక్కగా కుదిరేది." అంతే. తిట్టలేదు. మిగిలిందంతా నేనే లెక్క కట్టుకున్నాను, దిట్టని కదా. రెండు డబ్బాలూ కలిపేస్తే నాలుగు టాంకులు. నా మౌనానికి ఖర్చయింది ఒక టాంకు. ఆ ఒక్క టాంకే చివరి ముక్క, ఆ ముక్కే అరెకరం.

కోతలయ్యాక అక్క దగ్గరికి వెళ్ళి ఆ లెక్క చెప్పాను. ఆమె మొలకెత్తిన ధాన్యం గేదెల కోసం ఆరబోస్తోంది. "నువ్వు అరవకపోతే ఆ ఎకరం కూడా పొయ్యేది గదే," అంది, నా వైపు చూడకుండా. ఆ మాట నిజమే. ముందే చెప్పుంటే అరెకరం కూడా దక్కేదన్నదీ నిజమే. రెండు నిజాలూ కలిపి ఒకటి చేసుకోవాలని చాలా ఏళ్ళు ప్రయత్నించాను. కలవలేదు. విడివిడిగానే ఉంచుకున్నాను.

తర్వాత నేను బాపట్లలో ముప్పై ఏళ్ళకి పైగా నర్సుగా పనిచేశాను. మందు పోసేటప్పుడు ఎవరో పిలవడం, నేను తలెత్తడం, లెక్క తప్పడం ఎన్నిసార్లు జరిగిందో. ఎక్కాల పిల్లని నాలోంచి పూర్తిగా పంపేయలేదు గానీ, దానికొక పని మాత్రం అలవాటు చేశాను. లెక్క తప్పగానే చేతిలోది కింద పెట్టి, వార్డంతా వినేలా "లెక్క తప్పానండీ" అనేదాన్ని. కొత్తగా వచ్చిన పిల్లలు మొదట్లో నవ్వేవాళ్ళు. పెద్ద డాక్టరుగారి ముందు సిగ్గు లేదా సిస్టర్ అని ఒకమ్మాయి అడిగింది కూడా.

సిగ్గుకేం తల్లీ, ఉంది. అది ఎక్కడికీ పోదు. ముందు చెప్పేస్తే, తీరిగ్గా కూర్చుని తర్వాత పడొచ్చు.