మామ బిగించిన స్పైడర్

పోయిన నెల మా మామగారు పోయారు. పొద్దున కాఫీ తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదు. బంగారు గని మూతపడేదాకా అక్కడి చాంపియన్ రీఫ్స్ వర్క్‌షాపులో, లేతు మిషను మీద ఇనుము చెక్కే టర్నర్‌గా చేసిన మనిషి. మా ఆయన చనిపోయినప్పుడు ఇంట్లోని లేతు అమ్మేయమని బంధువులంతా అంటే, "అమ్మితే ఎన్నాళ్ళు తింటావు? నేర్చుకో" అని నన్ను దాని ముందు నిలబెట్టారు. ఆయన చేతులు అప్పటికే వణికేవి.

మాకు కూడు పెట్టింది పట్టు నూలు తీసే మిషన్లకు వేసే షాఫ్టులు, అంటే పొడవాటి ఇరుసులు. గనివాళ్ళ లైను ఇల్లు ఎంతుంటుంది? పొడవాటి రాడ్డు లేతు వెనకనుంచి కిటికీ దాటి సందులోకి వచ్చేది. ఒకరోజు తిరుగుతూ తిరుగుతూ ఆ తోక వంగి, ఎదురింటామె నీళ్ళ డ్రమ్మును పగలగొట్టింది. ఆమె బిడ్డ అప్పుడే అక్కణ్ణుంచి లేచి వెళ్ళింది.

"పిల్లోళ్ళు ఆడే సందప్పా ఇది. ఇంగ ఆ మిషను వద్దు," అందామె.

"నువ్వు చెప్పేది నిజమేనమ్మా," అని మామ ఫ్యూజు పీకేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంక తినేదేమిటి, మట్టా?

"స్పైడర్ చేస్తాం పట్టు," అన్నారు. లావు పైపు ముక్క నాచేత కోయించి, చుట్టూ నాలుగు బెజ్జాలు వేయించి, మరలు తీయించి, బోల్టులు బిగించారు. రాడ్డుకు గీతలు పడకుండా వాటి కొసలకు పాత కొళాయి ఇత్తడి ముక్కలు పెట్టారు. ఆ రింగును లేతు వెనక తగిలిస్తే, బోల్టులు నాలుగు వైపుల నుంచీ రాడ్డును నడిమధ్యన పట్టుకుంటాయి, ఊగనివ్వవు. ఆ బోల్టులు మాత్రం నన్ను ముట్టనిచ్చేవారు కాదు. "స్పైడర్ ఉండాదని స్పీడు పెంచొద్దు తల్లీ" అని రోజూ అనేవారు, నాకు విసుగొచ్చేదాకా.

మొదటిసారి తిప్పబోతుంటే వెళ్ళి సందులో రాడ్డు పక్కనే నిలబడ్డారు.

"లోపలికి రా మామా. నీకేమన్నా అయితే నాకెవురుండారు?"

"ఆ యమ్మకు నమ్మకం రావల్ల గదా. నువ్వు తిప్పు."

తిప్పాను. రాడ్డు తిరుగుతోందేగానీ అటూ ఇటూ కదిలినట్టే లేదు. ఎదురింటామె చూసి, "సరే, తిప్పుకోండప్పా" అని తలుపేసుకుంది.

ఆయన్ను సమాధి చేసి వచ్చాక లేతు జోలికి పోలేదు. నిన్న గౌనిపల్లి నుంచి షాఫ్టు పని వచ్చింది. రాడ్డు ఎక్కించి, చేత్తో తిప్పి చూసుకుంటే కిటికీ అవతల తోక ఊగుతోంది. ఒక బోల్టు బిగిస్తే ఇంకో పక్కకు పోతోంది. స్పానరు కింద పెట్టి ఏడ్చాను.

నా ఏడుపు విని ఎదురింటామె లోపలికొచ్చి స్పానరు అందుకుంది.

"యాడ బిగించల్ల, చెప్పక్కా."

"నాకూ తెలీదమ్మా."

నేను తిప్పుతూ ఉన్నాను, ఆమె ఒకటి వదులు చేసి ఇంకొకటి బిగిస్తూ ఉంది. పొద్దు వాలిపోయింది. సందులో రాడ్డు ఇంకా ఊగుతూనే ఉంది.