ఏడెనిమిదులు యాభై నాలుగు

లలితకుమారి గారు ఏడో తరగతి బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాశారు. ఇరవై ఆరుమంది పిల్లలు దాన్ని నోట్సుల్లోకి ఎక్కించుకున్నారు. క్యాలిక్యులేటర్‌లో యాభై ఆరు వచ్చిన ఒక్క కుర్రాడు మాత్రం దాన్ని కాసేపు అటూ ఇటూ కుదిపి చూసి, పాడైపోయిందని బ్యాగు అడుగున పడేశాడు.

పిల్లల తప్పేం లేదు. బోర్డు ముందు నిలబడ్డది ఇండియన్ మిస్.

నిజానికి ఆవిడ వ్యాయామం టీచరు. సిడ్నీలో పారమట్టా దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. మెడలో విజిల్, నెత్తిన వెడల్పాటి టోపీ. తెనాలిలో చదువుకునే రోజుల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగులో జిల్లాకి రెండో స్థానం. ఆవిడ కోరుకున్నది ఒక్కటే, ఆ వ్యాయామం ఉద్యోగం పర్మనెంట్ కావడం. ఏడాది చివర్లో ఆ పోస్టు పడబోతోంది.

ఈలోగా లెక్కల మాస్టారు ఆరునెలలు సెలవు పెట్టి, కారు వెనక ఇల్లులాంటి కారవాన్ తగిలించుకుని దేశం చుట్టి రావడానికి వెళ్లాడు. ప్రిన్సిపాలమ్మ స్టాఫ్ రూమంతా కలయజూసి, వెతుకుతున్న తాళంచెవి చేతిలోనే ఉన్నట్టు లలితకుమారి గారి దగ్గర ఆగింది.

"నాకు లెక్కలు రావండీ."

"మీవాళ్లలో నాకు నచ్చేది ఈ వినయమే!"

మర్నాడు ఆవిడ ఇంటర్ మార్కుల మెమో పట్టుకెళ్లారు. లెక్కల్లో డెబ్బై అయిదుకి ఇరవై ఆరు, అదీ రెండో దండయాత్రలో. ప్రిన్సిపాలమ్మ కళ్లజోడు పెట్టుకుని శ్రద్ధగా చదివింది.

"అబ్బ, మీ దగ్గర పేపర్లు ఎంత కష్టంగా ఇస్తారో!" అంది.

మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? పేరెంట్స్ మీటింగులో ఆవిడ బల్ల ముందు క్యూ కట్టాం. కట్టాం అనే అంటున్నాను, అందులో నేనూ ఉన్నాను గనక. నా ముందు ఉదయలక్ష్మి గారు. ఆవిడ కూతురు లిఖితది అదే క్లాసు.

"హమ్మయ్య, ఇన్నాళ్లకి లెక్కలకి మన మనిషి వచ్చారు! ఇంతకుముందు ఏవో గెంతులు నేర్పేవారట కదా?"

"ఇప్పటికీ అదేనండీ నా పని. మీ లిఖితకి భిన్నాలు రావడం లేదు."

"మా లిఖితకా? నోట్సు చూడండి, అన్నీ రైట్లే!"

నిజమే. కారవాన్ మాస్టారు ఆ పిల్ల నోట్సు పొడుగునా రైట్లు కొట్టుకుంటూ పోయాడు. ఒక పేజీలో లెక్కే లేదు, పిల్లి బొమ్మ ఉంది. దానికీ రైటే.

తర్వాత నా వంతు. మావాడికి ట్యూషన్ చెప్తారా అని అడిగాను.

"మీవాడు గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు పూర్తి చేయలేకపోతున్నాడండీ, ముందు దాని సంగతి చూద్దాం," అన్నారు. బొజ్జ లోపలికి లాక్కుని పక్కకి తప్పుకున్నాను.

ఆగస్టులో ప్రిన్సిపాలమ్మ శుభవార్త చెప్పింది. లెక్కల మాస్టారు ఇక తిరిగి రాడట, ఆ పోస్టు లలితకుమారి గారికేనట. వ్యాయామానికి ఇంకెవరినైనా చూసుకుంటారట. ఆవిడ ఇంటికి వెళ్లి విజిల్ కడిగి, ఆరబెట్టి, మళ్లీ కడిగారు.

ఆ వారమే స్కూల్లో ఆటల పోటీలు. విజిల్ సైన్సు మాస్టారి చేతికి వెళ్లింది. ఆవిణ్ణి స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"అంకెలు మీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత," అంది ప్రిన్సిపాలమ్మ.

లలితకుమారి గారు చెమటలు కక్కుతూ కూడారు. ఒకసారి సరిచూడండి బాబూ అని ముగ్గురు టీచర్లని బతిమాలారు. ముగ్గురూ నవ్వి, భుజం తట్టి, సాసేజీలు కాలుస్తున్న వైపు వెళ్లిపోయారు. నీలం జట్టు గెలిచిందని ప్రకటించారు. కప్పు ఎత్తారు, ఫొటోలు దిగారు.

అప్పుడు పసుపు జట్టులోంచి ఒక కుర్రాడు కోపంగా లేచాడు. బ్యాగు అడుగు నుంచి తన పాడైపోయిన క్యాలిక్యులేటర్ తీశాడు. మూడుసార్లు కూడితే మూడుసార్లూ పసుపు జట్టే నలభై పాయింట్లు ఎక్కువ. ప్రిన్సిపాలమ్మ కాగితం మీద రెండుసార్లు కూడి చూసింది. కప్పు నీలం పిల్లల చేతుల్లోంచి గుంజాల్సి వచ్చింది.

"మీకు నిజంగానే లెక్కలు రావు!" అంది, ఇన్నాళ్లూ దాచారన్నట్టు.

"మొదటిరోజే చెప్పానండీ."

ఏడాది చివర్లో వ్యాయామం పోస్టు ఆవిడకే ఖాయమైంది. లెక్కలకి కొత్త మాస్టారు వచ్చాడు. ఇకమీదట ఎవరి పేరూ, మొహమూ చూసి రైటు కొట్టొద్దని ప్రిన్సిపాలమ్మ అతనికి గట్టిగా చెప్పిందట.

మొన్న హెలెన్స్‌బర్గ్ గుడి దగ్గర పులిహోర ప్లేటుతో ఉదయలక్ష్మి గారు లలితకుమారి గారికి అడ్డం వచ్చారు.

"ఏవండీ, మీరు చేసిన పనికి మనందరి పరువూ పోయింది! ఇప్పుడు మా లిఖిత నోట్సు కూడా ఆ మాస్టారు లైను లైనూ దిద్దుతున్నాడు, తెలుసా?"

"అయితే మీ అమ్మాయి ఇప్పటికి బళ్లో చేరిందన్నమాట."